బేరిష్ చిటికెన వేలు

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, జర్మన్లు అడవిలో జనాన్ని చంపి పూడ్చిన గొయ్యిని తవ్వి, దొరికినవాళ్ళను యూదుల శ్మశానానికి చేర్చినవాళ్ళలో ఫైవెల్ ఒకడు. పదేళ్ళకే బడి మానేసిన నేతపనివాడు. ఆ తవ్వకం మీద అతను రాసిన కథను లోడ్జ్ నగరంలో యూదుల యిడ్డిష్ భాషలో వచ్చే పత్రిక వేసింది. చదివినవాళ్ళు కళ్ళు తుడుచుకుని మళ్ళీ బంగాళాదుంపల వరసలో నిలబడ్డారు. అంతకుమించి ఎవరేం చేస్తారు.

ఇప్పుడా పత్రిక యూదుల మతగురువు రబ్బీ బల్ల మీద ఉంది, ఎదురుగా ఫైవెల్ కూర్చున్నాడు. తెచ్చింది జిస్ల్. ఆమె భర్త బేరిష్ ఒకప్పుడు ఫైవెల్ పక్క మగ్గం మీద నేసేవాడు. జర్మన్లు పట్టుకుపోయాక అతని అయిపు లేదు. చచ్చాడని రుజువు లేనిదే ఆమె మారుమనువు చేసుకోకూడదు, యూదుల ధర్మం అలాంటిది. చేసుకుంటానన్న షాయ్ కింద వీధిలో కాచుకుని ఉన్నాడు. ఫైవెల్ కథలో ఒక శవానికి ఎడమచేతి చిటికెన వేలి పై కణుపు లేదు. బేరిష్‌కూ లేదు. మగ్గం మింగేసింది.

"ఇది రాసేనాటికి, ఈవిడ దీన్ని నా దగ్గరికి తెస్తుందని నీకు తెలుసా?" అన్నాడు రబ్బీ.

"తెలీదండీ."

"చాలు నాయనా. సాక్ష్యమని తెలియకుండా నోట దొర్లిన మాటను కూడా ఇలాంటి సంగతుల్లో ఒప్పుకుంటాం."

"దొర్లిన మాట కాదండీ, కథ. నాలుగుసార్లు తిరగరాశాను."

"టీ చల్లారిపోతోంది, తాగు," అన్నాడు రబ్బీ. ఆ ముసలాయనకు ఆమెను విడిపించాలని ఉంది. ఇంకో ముక్క వినదల్చుకోలేదు.

ఫైవెల్ తాగాడు. గొయ్యిలో ఆ చేతిని నిజంగా చూశాడా? బురదలో ఎన్ని చేతులు! రాస్తున్నప్పుడు బేరిష్ గుర్తొచ్చి, ఎవరిదో చేతికి అతని వేలు అతికించాడా? కళ్ళు మూసుకుంటే చెయ్యి కనబడుతోంది గానీ, తన వాక్యాల్లో ఉన్నట్టే కనబడుతోంది. ముందు వేలు వచ్చిందో, వాక్యం వచ్చిందో తేలడం లేదు.

మెట్లు దిగుతుంటే జిస్ల్ సగంలో ఆగిపోయింది.

"ఆయనకు చెప్పింది సరే. నాకు చెప్పు ఫైవెల్ అన్నా, చూశావా?"

"చూశానని వేలసార్లు అనిపించింది చెల్లెమ్మా. చూశానో లేదో తెలీదు."

"ఇంత తెలీనివాడివి అంత బాగా ఎలా రాశావయ్యా," అంది. అందులో కోపం లేదు, అదే అతనికి అర్థం కాలేదు. వీధిలోంచి షాయ్ ఆమెను చూసి టోపీ తీశాడు. ఆమె చెయ్యెత్తలేదు.

"రేపు బేరిష్ వచ్చి తలుపు తడితే నేనెవరి పెళ్ళాన్ని? నీ మాట రబ్బీగారికీ తెలియాలి."

ఆమె వెనక్కి తిరిగి మెట్లెక్కింది. ఆపితే మంచిదో, వెంట వెళ్తే మంచిదో ఫైవెల్‌కు పాలుపోలేదు. పైన ఆమె తలుపు కొడుతుండగా అతనూ ఎక్కడం మొదలుపెట్టాడు.