ఒక్కపూట తండ్రి

పూర్ణచంద్రరావుగారి తెల్లకారు రొయ్యల చెరువుల గట్ల మధ్య నుంచి తమ పల్లె వైపు వస్తుండడం చూసి హారిక లోపలికెళ్ళి ముఖం కడుక్కుని, ఒక నవ్వు తగిలించుకుని బయటికొచ్చింది. ఆ నవ్వు తేలిగ్గా రాలేదు. మూడు నెలలుగా ఆ మనిషిని తలుచుకుని పళ్ళు నూరుకుంటున్న పిల్ల మరి.

ఈ పెద్దమనిషి సంగతి ముందు చెప్పాలి. సొంతూరు ఘంటసాల. పన్నెండెకరాల మాగాణి ఉంది. అది చాలక గుడివాడలో విదేశీ చదువుల కన్సల్టెన్సీ పెట్టాడు. మెట్ల పొడుగునా వీసా వచ్చిన పిల్లల ఫోటోలతో ఫ్లెక్సీలు, అన్నిటికంటే పెద్ద ఫోటో ఆయనది. అక్కడ పిల్లలు సర్టిఫికెట్లు ఇచ్చి సంతకాలు పెడితే చాలు. ఈ చదువు నాకెందుకు కావాలి అని యూనివర్సిటీకి రాసుకోవాల్సిన వ్యాసం కూడా ఆఫీసులోనే తయారవుతుంది. ఒకటే మూస, పేరూ ఊరూ మారుస్తారంతే. తన పేరు మీద వెళ్ళే వ్యాసాన్ని చదివి చూసుకునే పిల్ల గానీ పిల్లాడు గానీ ఆ మెట్లెక్కలేదు.

హారిక ఒక్కతే, "నాది నేనే రాసుకుంటానండీ" అంది. కోడూరు దాటాక సముద్రం వైపున్న పల్లె వాళ్ళది. తండ్రి సాయిబాబు వేటకెళ్తాడు. తల్లి చిన్నప్పుడే పోతే నాయనమ్మ రాఘవమ్మ పెంచింది. బందరులో డిగ్రీ చదివి, అక్కడే రొయ్యల ల్యాబులో నీళ్ళు పరీక్షించే ఉద్యోగం చేస్తోంది. స్కాట్లాండులో ఒక యూనివర్సిటీ, సముద్ర శాస్త్రంలో పైచదువుకి, మత్స్యకార కుటుంబాల నుంచి ఏటా ఒక్కరికి మొత్తం ఖర్చు పెట్టుకుని సీటిస్తుందని తెలిసింది. ఆ ఒక్క సీటు కోసం ఇరవై రోజులు కూర్చుని రాసింది. నాన్న చేతుల మీద తాడు కోసిన గీతల గురించి రాసింది. తుఫాను ముందు నాయనమ్మ గాలి వాసన చూసి చెప్పే మాటల గురించి రాసింది. అమ్మ పోయిన రోజు గురించి కూడా రాసింది. అది ఎవరికీ ఎప్పుడూ చెప్పుకోని సంగతి.

పూర్ణచంద్రరావు ఆ వ్యాసం చదివి కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు. "ఏం రాశావమ్మా! కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి" అన్నాడు. నీళ్ళు నిజంగానే వచ్చుంటాయి. ఆ నీళ్ళు తుడుచుకుని, ఆ మరుసటి సోమవారమే ఆ వ్యాసాన్ని తన కూతురు నవ్యశ్రీ పేరు మీద పంపించాడు. ఎక్కడో మత్స్యకార సంఘం పేరుతో ఒక లెటరు కూడా పుట్టించాడు. హారిక ఫైలు పన్నెండు రోజుల తర్వాత పంపాడు. యూనివర్సిటీ వాళ్ళ కంప్యూటరుకి ముందొచ్చింది అసలు, వెనకొచ్చింది నకలు. హారికకి రెండు ముక్కల మెయిల్ వచ్చింది. మీ వ్యాసం మరొకరిది చూసి కాపీ చేసినది, మూడేళ్ళ దాకా మీరు మళ్ళీ దరఖాస్తు చేయకూడదు. తన తల్లి చావు గురించి తను రాసుకున్నది కాపీ అట.

"నీ టైము బాగోలేదమ్మా" అని నిట్టూర్చాడు పూర్ణచంద్రరావు అప్పుడు. ఆ నిట్టూర్పుని కూడా హారిక నమ్మింది. ఒకరోజు బందరు నుంచి బస్సులో వస్తూ ఫోన్ తెరిస్తే, ఆ యూనివర్సిటీ పేజీలో ఈ ఏటి విజేత అని నవ్యశ్రీ ఫోటో కనిపించింది. కింద వ్యాసంలోంచి రెండు వాక్యాలు వేశారు. "మా ఇంట్లో ఎవరూ వల దాటరు. నడక నేర్చే పిల్లలకి మొట్టమొదట నేర్పేది వల చుట్టూ తిరిగి వెళ్ళడమే." హారిక దిగాల్సిన చోట దిగలేదు. బస్సు ఆఖరి స్టాపు దాకా అలాగే కూర్చుంది.

యూనివర్సిటీకి ఐదు మెయిళ్ళు రాసింది. మా నిర్ణయం మారదు అని ఐదుసార్లూ ఒకే జవాబు. కాపీ కొట్టిన పిల్ల మాట ఎవరు నమ్ముతారు? ఏడవడం అయిపోయాక ఆమెకి ఒకటే కోరిక మిగిలింది. తన పేరు మీది ఆ మచ్చ పోవాలి, అది పూర్ణచంద్రరావు మొహాన పడాలి. ఎలాగో తెలియక మూడు నెలలు రగిలిపోయింది. ఇప్పుడు ఆయనే కారేసుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"ఏం సాయిబాబూ, వేట బాగుందా?" అంటూ దిగి, మిఠాయి పెట్టె హారిక చేతిలో పెట్టాడు. హారికకేమీ తెలియదనే ఆయన ధీమా. "చిన్న సాయం కావాలయ్యా. మా నవ్యకి బయట సీటొచ్చింది. గురువారం ఆ యూనివర్సిటీ వాళ్ళు వీడియో తీసుకుంటానికి వస్తున్నారు. సముద్రం పక్క ఇల్లు, పడవలు, వలలు... వాళ్ళకదో సరదా. ఒక్కపూట మీ ఇల్లు మా ఇల్లనుకోవాలి. నువ్వు మా నవ్యకి నాన్నవనుకోవాలి."

"మరి మీరో, బాబుగారూ?" అన్నాడు సాయిబాబు.

"నేను మేనమామని."

"అమ్మాయిగారి అమ్మగారు?"

పూర్ణచంద్రరావు దగ్గాడు. "ఆవిడ... లేదనుకోవాలి."

ఆయన భార్య లక్ష్మీకాంతంగారు ఆ పూట ఘంటసాలలో నిక్షేపంగా ఆవకాయ కలుపుకుంటోంది. హారిక రాసుకున్న దుఃఖం నవ్యశ్రీ పేరు మీద వెళ్ళాక, ఆ ఇల్లాలు కాగితం మీద పోక తప్పలేదు.

"మన హారికని వచ్చే ఏడు నేనే దగ్గరుండి ఇంకో దేశం పంపిస్తా. రూపాయి తీసుకుంటే ఒట్టు" అన్నాడు పూర్ణచంద్రరావు.

సాయిబాబుకి జరిగిందంతా తెలుసు. లేచి నిలబడ్డాడు. ఏమనేవాడో గానీ, హారిక అందుకుంది. "దాందేముంది అంకుల్! ఒక్కపూటేగా. నాన్న ఉంటాడు, నేనూ సెలవు పెడతా."

కారు వెళ్ళాక సాయిబాబు కూతుర్ని తేరిపార చూశాడు. "నీ బుర్రలో ఏవుందే?"

"కెమెరా ముందు ఆ పిల్లని నా కూతురని చెప్పు నాన్నా. గట్టిగా చెప్పాలి. అది వీడియోలో పడితే ఇంక ఆయన ఎటూ జారిపోలేడు. తర్వాతది నేను చూసుకుంటా."

"నువ్వు పక్కన నిలబడి ఉండగానా?"

"పక్కనే ఉంటాలే" అంది హారిక. ఆయన ఎందుకడిగాడో ఆమె ఆలోచించలేదు, అప్పటికే ఆమె మనసు గురువారం దగ్గరుంది. "నాయనమ్మకి మాత్రం ఏమీ చెప్పకు. సినిమావాళ్ళు వస్తున్నారని చెబుదాం, చాలు."

గురువారం పొద్దున్నే హారిక తండ్రి చేత పెద్దవలని వాకిట్లో పరిపించింది. గుమ్మం ముందు నుంచి నేరేడు చెట్టు దాకా వల. గోడ వారగా మనిషి పట్టేంత దారి వదిలింది. ఇంట్లోకి వెళ్ళాలంటే ఆ వారనే చుట్టూ తిరిగి వెళ్ళాలి. నాయనమ్మని ఆ గుమ్మానికి ఎదురుగా ఎండుచేపలు ఏరుకోమని కూర్చోబెట్టింది. ఎనభై ఏళ్ళు దాటినా ఆవిడ చూపు పదును, నోరు అంతకంటే పదును.

పది గంటలకి రెండు కార్లొచ్చాయి. మొదటి కార్లోంచి ఎలిసన్ అనే తెల్లావిడా, మాటలు తెలుగులోకి చెప్పడానికి హైదరాబాదు నుంచి వచ్చిన తేజస్వినీ, కెమెరా అతనూ దిగారు. రెండో కార్లోంచి మేనమామగారు, మేనకోడలు. పేదపిల్లలా కనపడాలని నవ్యశ్రీకి కొత్త చుడీదారు కొని, వెలిసేదాకా నాలుగుసార్లు ఉతికించారు. ఒంటి మీద బంగారం తీసేశారు. చెప్పులు మాత్రం తీయలేకపోయారు. ఆ ఇసుకలో వట్టికాళ్ళతో నాలుగడుగులు వేసేసరికి పిల్ల గెంతులేసింది.

సాయిబాబుని పడవ పక్కన కూర్చోబెట్టారు. తేజస్విని అడిగింది, "మీ పేరు చెప్పండి బాబాయ్."

"పూర్ణచంద్రరావండి" అన్నాడు సాయిబాబు. నవ్యశ్రీ కాగితాల్లో తండ్రి పేరు అదే మరి. కెమెరా వెనక అసలు పూర్ణచంద్రరావు తల ఆడించాడు. కొబ్బరి బోండాల పళ్ళెం పట్టుకున్న హారికకి నవ్వొచ్చింది. పెదవి కొరుక్కుంది.

"ఈ అమ్మాయి మీకేమవుతుంది?"

సాయిబాబు నవ్యశ్రీ వైపు చూడలేదు. పళ్ళెం పట్టుకున్న పిల్ల వైపే చూశాడు. చాలాసేపు చూశాడు. పూర్ణచంద్రరావు కాలు కాలిన పిల్లిలా కదులుతున్నాడు. హారిక కనుబొమలతోనే, అనేయ్, అంది.

"మా అమ్మాయేనండి. ఒక్కగానొక్క కూతురు. ఇంకెవరూ లేరు నాకు" అన్నాడు.

చెప్పమన్నది తనే. అయినా హారిక గుండె కలుక్కుమంది. ఆ బాధని కూడా పూర్ణచంద్రరావు ఖాతాలోనే వేసి, ఇంకాస్త కోపం తెచ్చుకుంది.

నువ్వు చదువుకున్న గది చూపిస్తావా అని ఎలిసన్ నవ్యశ్రీని అడిగింది. అందరూ గుమ్మం వైపు కదిలారు. వల దగ్గరికి రాగానే ఎలిసన్ ఆగింది, నవ్వింది, గోడ వార దారి పట్టుకుని, చీర కట్టుకున్న మనిషిలా జాగ్రత్తగా ఒక్కో అడుగు వేస్తూ చుట్టూ తిరిగి వెళ్ళింది. తేజస్వినీ అలాగే వెళ్ళింది. కెమెరా అతను కూడా. వ్యాసం చదివినవాళ్ళు మరి. వెనకాల నవ్యశ్రీ ఫోన్ చూసుకుంటూ వచ్చి, చెప్పుకాళ్ళతో వల మీద కాలేసి, రెండంగల్లో దాటేసి గుమ్మమెక్కింది.

"ఓసి నీ నడకమండా!" చేపల బుట్ట పక్కకి తోసి లేచింది రాఘవమ్మ. "వల దాటతావేంటే! అదీ చెప్పులేసుకుని! అన్నం పెట్టేదాన్ని తొక్కుతావా! ఎవరి పిల్లవే నువ్వు? ఏ ఊరే మీది?"

కెమెరా నడుస్తూనే ఉంది. ముసలమ్మ ఏమంటోందని ఎలిసన్ అడిగింది. తేజస్విని ఒక్కో మాటా చెప్పింది. ఎవరి పిల్లవు అన్న మాట దగ్గర ఎలిసన్ నవ్వు ఆగిపోయింది.

పూర్ణచంద్రరావు పరుగున వచ్చాడు. "పెద్దావిడండీ. మతి స్థిమితం లేదు. మనవరాల్నే గుర్తుపట్టదు."

"నాకా మతి లేనిది?" రాఘవమ్మ ఎండుచేప చేత్తో పట్టుకునే ఆయన మీదికెళ్ళింది. "నా మనవరాలు అదుగో, బోండాలు పట్టుకు నిలబడింది. పురుట్లోంచి నా చేతుల్లో పెరిగింది. ఈ పిల్లని నేను పుట్టి బుద్ధెరిగి చూళ్ళేదు!"

హారిక పళ్ళెం కింద పెట్టి ఎలిసన్ ముందుకొచ్చింది. ఇంగ్లీషులో చెప్పింది. "మీకు వెనకొచ్చిన వ్యాసం నాది, మేడమ్. మీరు కాపీ అన్నది నన్నే. ఈయన మేనమామ కాదు, ఆ అమ్మాయి తండ్రి. నా ఫైలు పంపిన కన్సల్టెన్సీ ఈయనదే. ఆమెనడగండి, ఆ వ్యాసంలో నేను పొదుగు చూడటం నేర్చుకున్నది ఎవరి దగ్గరో." ఆటుపోట్ల లెక్కని ఆ తీరంలో వేటకెళ్ళేవాళ్ళు అలా అంటారు. తేజస్విని నవ్యశ్రీ వైపు తిరిగింది.

నవ్యశ్రీ నోరు తెరిచి తండ్రి వైపు చూసింది. ఆయన నేల వైపు చూశాడు.

"నాకు తెలీదు" అని ఏడుపు అందుకుంది ఆ పిల్ల. "ఆఫీసులో రాయించారనుకున్నా. ఒట్టు, నేను చదవను కూడా చదవలేదు."

అంతవరకూ హారికకి ఆ పిల్ల మీద ఎక్కడో కాస్త జాలి ఉండేది. ఆ మాటతో అది కూడా పోయింది. తన తల్లి చావుని తండ్రి దొంగిలించి తెచ్చిస్తే, దాన్ని ఒక్కసారి చదవడానికి కూడా తీరిక లేకపోయింది ఈ పిల్లకి.

పూర్ణచంద్రరావు వలకి అవతల నిలబడి చేతులు జోడించాడు. "అమ్మా హారికా, పొరపాటని చెప్పమ్మా. స్టాఫ్ ఎవరో ఫైళ్ళు తారుమారు చేశారని చెప్పు. దాని జీవితం నీ చేతుల్లో ఉంది."

"నా టైము బాగోలేదన్నారుగా అంకుల్" అంది హారిక. "ఇప్పుడు బాగైంది."

నెల తిరక్కుండా నవ్యశ్రీ సీటు పోయింది. ఆ కన్సల్టెన్సీ నుంచి వచ్చే ఫైళ్ళు ఇక తీసుకోబోమని యూనివర్సిటీ చెప్పింది. ఆ మాట గుడివాడంతా పాకింది. డబ్బు కట్టినవాళ్ళు ఆఫీసు మీదికెళ్ళారు. హారిక పనిగట్టుకుని ల్యాబుకి సెలవు పెట్టి గుడివాడ వెళ్ళింది. దించేసిన షట్టరుకి ఎదురుగా నిలబడి, చెరుకురసం రెండు గ్లాసులు తాగింది. పెద్ద ఫ్లెక్సీలో పూర్ణచంద్రరావు మొహం మీద ఎవరో పేడ కొట్టారు. అది తను కొట్టలేదే అని మాత్రం కాస్త నొచ్చుకుంది. ఇంత తృప్తిగా ఆమె ఏ పండక్కీ లేదు.

ఆ తర్వాతి వారం ఎలిసన్ రాసిన ఉత్తరం వచ్చింది. క్షమాపణ చెప్పారు. కాపీ అన్న మాట తీసేశారు. వచ్చే ఏటికి దరఖాస్తు పెట్టుకోమన్నారు. అయితే పాత వ్యాసం ఇంక పనికిరాదు, అది ఒకసారి బయటికొచ్చేసింది. కొత్తది రాయాలి.

ఆ సాయంత్రం హారిక గుమ్మంలో కూర్చుని నోటుబుక్కు తెరిచింది. సాయిబాబు ఎదురుగా కూర్చుని తాడు పేనుకుంటున్నాడు. ఆయన ఆ గురువారం నుంచి మాట తగ్గించాడని ఆమె గమనించింది గానీ, సంబరంలో అడగలేదు.

"నాన్నా, నన్ను మొదటిసారి పడవెక్కించినప్పుడు నాకెన్నేళ్ళు?"

ఆయన తలెత్తలేదు. "ఎందుకు?"

"కొత్త వ్యాసానికి."

తాడు పేనడం ఆపాడు. "ఆ పూర్ణచంద్రరావు నా కాళ్ళు పట్టుకున్నా ఆ మాట అనేవాణ్ణి కాదు. నువ్వడిగావని అన్నాను. మీ అమ్మ పోయాక నాకున్నదల్లా నువ్వే. నిన్ను ఎదురుగా పెట్టుకుని, ఇంకెవరి పిల్లనో చూపించి, ఒక్కగానొక్క కూతురన్నాను. ఆ వీడియో వాళ్ళ దగ్గర ఎప్పటికీ ఉంటుందంటగా."

"నాన్నా, అది ఊరికే..."

"తెలుసమ్మా. గెలిచావు. సంతోషం." మళ్ళీ తాడు అందుకున్నాడు. "ఈసారి మాత్రం నా గురించి రాయకు."