తిబుర్సియో గుమ్మంలో సముద్రం

మా తాన్హాయ్ చర్చి నుంచి కొందరం సువార్త పనిమీద లికాయ్ దీవికి వెళ్లాలనుకున్నాం. కొత్తవాళ్ల గుమ్మంలో నిలబడి ఏం మాట్లాడాలో మాలో ఎవరికీ తెలియదు.

"ముందు మన వీధిలోనే అలవాటు చేసుకుందాం. ఇక్కడ కనబడని దేవుడు సముద్రం దాటితే మాత్రం కనబడతాడా?" అన్నారు పాస్టర్ హెర్మొహెనెస్.

దీవి మనిషిగా నటించడానికి ఒకరు కావాల్సి వచ్చింది. చర్చి ఎదురింట్లో పడవలు బాగుచేసుకునే, మేమంతా మనోంగ్, అంటే అన్న, అని పిలిచే తిబుర్సియోని అడిగాం. ఏనాడూ చర్చి గడప తొక్కని మనిషి, మా పాట మొదలవగానే కిటికీలు మూసుకునే మనిషి, వెంటనే సరేనన్నాడు.

మొదటి సాయంత్రం మా జట్టుకి పెద్దదిక్కయిన పెర్పెతువా తలుపు తట్టింది. ఆమెది రొట్టెల దుకాణం.

"ఎవరు?"

"మేమే మనోంగ్, చర్చివాళ్లం."

"ఏ పడవలో వచ్చారు?"

"పడవేంటి! రోడ్డు దాటొచ్చాం."

"ఇక్కడ రోడ్డెక్కడుంది? అదంతా సముద్రం. కాళ్లైనా తడవలేదు, మీరెవరో దొంగల్లా ఉన్నారు!" అని తలుపేసేశాడు.

మర్నాడు కుళాయి దగ్గర మోకాళ్ల దాకా తడుపుకుని వెళ్లాం.

"దారిలో కడుపులో తిప్పిందా?" అని అడిగాడు పాస్టరు గారిని.

పాస్టరు గారు అబద్ధమాడరు. కాసేపు ఆలోచించి, "కాస్త తిప్పింది. పెర్పెతువా ఇచ్చిన నిన్నటి రొట్టె తిన్నాను," అన్నారు.

"నా రొట్టెకేమైంది?" అని పెర్పెతువా ఆయన మీదికి లేచింది. ఆ పూట సువార్త అక్కడితో ఆగిపోయింది.

వారం తిరిగేసరికి వీధిలో సగం మంది దీవి జనమైపోయారు. మేం రోడ్డు దాటుతుంటే చేపలమ్మే ఆవిడ జనాన్ని ఎక్కించుకొచ్చే జీప్నీ బండికి అడ్డం నిలబడి, "ఆగవయ్యా, పడవొస్తోంది!" అని కేకేసేది. తిబుర్సియో తన మగబాతుని దీవి పెద్దని చేశాడు. దాని అనుమతి లేనిదే ఎవరూ లోపలికి రాకూడదట. పాస్టరు గారు వినయంగా తలవంచారు. అది ఆయన ముక్కు పట్టుకుంది.

"పెద్దాయనకి మీరు నచ్చారు, రండి," అన్నాడు తిబుర్సియో.

ఆ రోజు పెర్పెతువా, నేర్చుకున్న ప్రకారమే, "ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదా మనోంగ్? ప్రార్థన చేస్తాం," అంది.

తిబుర్సియో బాతుని ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు.

"పెళ్లానికి జ్వరమొచ్చింది. దీవివాడి పెళ్లానికి. నా పెళ్లానికి కాదు."

"తెలుసు మనోంగ్."

"పెద్దగాలి. ఆసుపత్రికి తీసుకెళ్దామంటే ఒక్కడూ పడవ తియ్యనన్నాడు. వీడి పడవేమో ముక్కలు ముక్కలుగా ఒడ్డున పడుంది, ఊరందరి పడవలూ బాగుచేసేవాడు తనది చేసుకోలేదు. పక్కన చర్చిలో పాడుతున్నారు. వాళ్లు పాట ముగించేలోపే పోయింది."

అప్పుడు అర్థమైంది మాకు, ఆయన లికాయ్‌వాడని. ఇన్నేళ్లుగా ఎదురుబొదురు ఉంటూ, ఏ ఊరు మనోంగ్ అని మాలో ఒక్కరం కూడా అడగలేదు.

పెర్పెతువా కళ్లు మూసుకుంది. కంఠస్థం చేసిన ప్రార్థన ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

"ఆ దీవివాడి భార్య పేరేంటి?"

"ఫ్లోరెన్సియా."

"దేవుడా, ఫ్లోరెన్సియా..." అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయింది. బాతు మధ్యలో అరిచింది. ఎవరూ నవ్వలేదు. పెర్పెతువా మళ్లీ ఆ పేరే పలికింది. ఆ రోజు ప్రార్థన అంతే.

వెళ్లేటప్పుడు పాస్టరు గారు, "మాతో లికాయ్ రండి మనోంగ్. దారి తెలిసినవాళ్లు మాలో లేరు," అన్నారు.

"నన్నక్కడ ఎవరు గుర్తుపడతారు?"

"గుర్తుపట్టకపోతే మాతోపాటు మీరూ కొత్తవారే."

బయల్దేరే రోజు తిబుర్సియో వచ్చాడు. పడవ తానే నడిపాడు. అలలకి మా అందరి కడుపులూ నిజంగానే తిప్పాయి. ఒడ్డున మీటింగుకి బెంచీలు వేసి జనం కాచుకుని ఉన్నారు. తిబుర్సియో మాత్రం నేరుగా కొండవాలున ఉన్న స్మశానం వైపు నడిచాడు. ఏం చెయ్యాలో తోచక మేమూ గిటారుతో, సంచులతో వెనకాలే వెళ్లాం. కాచుకున్న జనమూ మా వెనక వచ్చారు.

ఫ్లోరెన్సియా సమాధి కనిపించనంతగా గడ్డి పెరిగింది. పాస్టరు గారు బైబిలు సంచి పక్కన పెట్టి, తెల్ల చొక్కా చేతులు మడిచి, గడ్డి పీకడం మొదలుపెట్టారు. జనంలోంచి ఒక ముసలామె తిబుర్సియోని ఎగాదిగా చూసి, "నువ్వా! మా పడవ బాగుచేస్తూ సగంలో వదిలేసి పోయావు కదరా!" అని తిట్టి, తిడుతూనే పక్కన కూర్చుని కలుపు తీసింది.

ఎండ దిగేదాకా పీకాం. ఆ రోజు ఎవరూ ప్రసంగం చెయ్యలేదు. ముసలామె ఇంటినుంచి అన్నం, ఎండుచేపలు వస్తే, మట్టి చేతులు కడుక్కుని అందరం అక్కడే గడ్డి కుప్పల మీద కూర్చుని తిన్నాం.