చెమట పట్టే బొమ్మలు

దోన్కా వాళ్ళ ఊళ్ళో మనిషి పోతే ఇంటి తలుపుకి కాగితం అంటిస్తారు. ఒక ఫోటో, పేరు, రెండు ముక్కల దుఃఖం. నలభయ్యో రోజుకి ఇంకొకటి, ఆర్నెల్లకి ఇంకొకటి, ఏడాదికి మరొకటి, అలా ఇంట్లోవాళ్ళకి ఓపిక ఉన్నంతకాలం. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు అవే చదువుకుంటారు. ఫలానా ఆయన ఫోటో బాగా రాలేదని పెదవి విరిచి, బస్సు రాగానే ఎక్కి పనుల్లోకి పోతారు.

ఆ మంగళవారం దోన్కా సంచిలో అలాంటి కాగితాలు ఇరవై ఉన్నాయి. వాటి మీద ఫోటో ఆమె కూతురు ఇస్క్రాది. పందొమ్మిదేళ్ళప్పుడు తండ్రితో మాటా మాటా పెరిగి ఇల్లు విడిచి పోయింది. తొమ్మిదేళ్ళయింది, బతికుందో లేదో తెలియదు. తండ్రి తోంచో మొదటి మూడేళ్ళూ ఊరూరా తిరిగి వెతికాడు, తర్వాత మూడేళ్ళు తాగాడు, ఆ తర్వాత ఆ పిల్ల పేరెత్తడం మానేశాడు. ఈ వసంతంలో ఒక పొద్దున్న ఉన్నట్టుండి తేల్చేశాడు.

"ఎన్నాళ్ళని వీధి తలుపు గడియ పెట్టకుండా పడుకుంటామే? పోయిందనుకుందాం. కాగితం అంటించి, పోయినవాళ్ళ పేరున గోధుమలు ఉడికించి పంచి, అందరిలా కడుపారా ఏడుద్దాం."

దగ్గరి పట్నంలో అచ్చువేసేవాడు ఎరిగినవాడే. చావు కబురు తెలియకుండా చావు కాగితం వేయనని మొహం మీదే చెప్పాడు. అందుకని దోన్కా ముక్కూమొహం తెలియనివాణ్ణి వెతుక్కుంటూ స్తారా జగోరా నగరం దాకా పోయి వేయించుకొస్తోంది. సాయంత్రానికల్లా కాగితం తలుపు మీద ఉండాలని మొగుడి ఆజ్ఞ. నిజం చెప్పాలంటే ఆమె మనసులోనూ ఒక మూల ఆ కోరిక ఉంది. కూతురు పోవాలని కాదు, ఈ ఎదురుచూపు ముగిసిపోవాలని. తనకి ఆ కోరిక ఉందని తెలిసిన రోజు నుంచి దోన్కాకి ముద్ద దిగడం లేదు.

తిరుగు దారిలో బస్సు మారాల్సిన ఊళ్ళో రెండో బస్సు రాలేదు. గంటన్నర పడుతుందన్నారు. ఇంతలో వాన అందుకుంది. కాగితాలు తడిస్తే మళ్ళీ వేయించుకునే గుండె తనకి లేదు. ఎదురుగా తురుకులు ఏలిన కాలం నాటి పాత స్నానశాల తలుపు తీసి ఉంటే గబగబా అందులోకి దూరింది.

అక్కడ నీళ్ళు ఆగిపోయి యాభై ఏళ్ళయింది. ఇప్పుడు బొమ్మల ప్రదర్శన పెట్టారు. గుమ్మటానికున్న చిల్లుల్లోంచి మసక వెలుతురు పడుతోంది. గోడల నిండా రంగులతో వేసిన మనుషుల బొమ్మలు. కాపలా చూసే స్తోయ్కా అనే డెబ్బై ఏళ్ళావిడ తువ్వాలు పట్టుకుని ఒక్కో బొమ్మకీ చెమట తుడుచుకుంటూ వస్తోంది.

ఆ గోడలకి వేలాడదీస్తే బొమ్మకి చెమట పడుతుంది. బొమ్మలోని మనిషి బతికున్నంతకాలం పడుతుంది, పోతే ఆరిపోతుంది. కిందటేడు మేయరుగారి బొమ్మ పెడితే కింద బకెట్టు పెట్టాల్సి వచ్చిందని స్తోయ్కా చెప్పింది. అంత పాత కట్టడానికి ఆ మాత్రం అలవాట్లు ఉండవా అనుకుంది దోన్కా. తడిసిన తలగుడ్డ విప్పి పిండుకుంటూ ఊరికే అటూ ఇటూ తిరిగింది.

చివరి గదిలో ఒక ఆడమనిషి వీపు కనిపించింది. రాతిబల్ల మీద అటు తిరిగి కూర్చుంది, తల మాత్రం కాస్త ఇటు తిప్పింది. ఎడమ రెక్క ఎముక కింద అరచేయంత కాలిన మచ్చ. ఏడేళ్ళప్పుడు ప్లమ్ పళ్ళ పాకం ఉడుకుతున్న గంగాళం మీదికి వెనక్కి పడింది ఇస్క్రా. ఆ మచ్చకి మూడు నెలలు మందు రాసిన చెయ్యి దోన్కాది. ఆమెకి ముఖం చూడాల్సిన పనే లేకపోయింది.

పక్కన బొమ్మలన్నీ కారిపోతున్నాయి. ఇదొక్కటే పొడిగా ఉంది.

 దోన్కా సంచిలోంచి ఒక కాగితం తీసి స్తోయ్కా చేతిలో పెట్టింది. స్తోయ్కా కాగితం చూసింది, బొమ్మ చూసింది.

"ఎప్పుడు పోయింది?"

"తెలియదక్కా."

"తెలియకుండానే అంటించేస్తారా చెల్లీ?"

 స్తోయ్కా ఆ బొమ్మ చెవి కింద వేలితో తడిమి, ఇంకా ఒక్క చుక్క ఉందని చూపించింది. మొన్నటిదాకా ధారగా కారేదట, నాలుగు రోజులుగా తగ్గుతూ వచ్చిందట. వెంటనే బొమ్మ వేసినావిడకి ఫోన్ చేసింది. ఆ పిల్ల బుర్గాస్‌లో చేపల ఫ్యాక్టరీలో పనిచేసేదని, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి పది రోజులుగా ఆసుపత్రిలో ఉందని, జ్వరంతో తెలివి లేకుండా పడి ఉందని ఆవిడ చెప్పింది. తనకెవరూ లేరని చెప్పుకుందట.

బుర్గాస్ బస్సు మళ్ళీ పొద్దున్న ఆరింటికే.

"అప్పటిదాకా ఉంటుందా?" అంది దోన్కా.

"ఈ చుక్క ఆరితే ఉండదు," అంది స్తోయ్కా. ఆవిడకి దాచిపెట్టి మాట్లాడడం చేతకాదు.

పిల్లకి జ్వరమొస్తే ఏం చేయాలో వాళ్ళ దేశంలో ప్రతి తల్లికీ తెలుసు. ఇంట్లో కాచిన ద్రాక్షసారా అరచేతిలో పోసుకుని చెమట పట్టేదాకా వీపు రుద్దాలి. చలికని స్తోయ్కా బల్ల కింద దాచుకున్న సీసా బయటికొచ్చింది. రంగు పోతుందేమోనని ఆవిడ ఒక మాట అంది. దోన్కా అప్పటికే చొక్కా చేతులు పైకి మడిచింది.

రుద్దింది. బొమ్మ మెడ దగ్గర మొదలుపెట్టి నడుము దాకా, మళ్ళీ పైకి. రుద్దుతూ తిట్టింది.

"ఎవరూ లేరన్నావా? నేనేమయ్యానే? కబురు పెట్టడానికి చేతులు పడిపోయాయా?" అరచేతిలో ఇంకాస్త సారా పోసుకుంది. "నువ్వు పోయావంటే నేను నిద్రపోవచ్చనుకున్నాను. విన్నావా ఇస్క్రా? కన్నతల్లిని, అలా అనుకున్నాను."

సీసా సగమైంది. ఆమె భుజాలు లాగేస్తున్నాయి. ఆమె ఎక్కాల్సిన బస్సు వచ్చి, హారను కొట్టి, వెళ్ళిపోయింది. చెవి కింద చుక్క ఆరిపోయింది. అది చూసి కూడా దోన్కా చెయ్యి ఆపలేదు. ఇంకేం చేయాలో ఆమెకి తెలియదు. సీసా అడుగంటిన వేళకి మచ్చ అంచున సన్నగా తడి మెరిసింది. అది చుక్కయింది, పక్కన ఇంకొకటి, మరొకటి. చూస్తుండగానే వీపంతా కారడం మొదలుపెట్టింది. తువ్వాలు చాలక స్తోయ్కా, దోన్కా సంచిలోని కాగితాలన్నీ తీసి గోడ కింద పరిచేసింది. దోన్కా ఆ తడి నేల మీదే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ రాత్రి స్తోయ్కా ఇంట్లో తలదాచుకుని, మర్నాడు తొమ్మిదింటికి ఆమె బుర్గాస్ ఆసుపత్రి చేరింది. నర్సు తలుపు దగ్గరే ఆపింది. నిన్న సాయంత్రం నాలుగింటికి ఈ మంచం సారా కంపు కొట్టిందని, ఎవరు తెచ్చారో తెలియక గదంతా వెతికామని సణిగింది. జ్వరం మాత్రం అప్పుడే దిగిందట.

ఇస్క్రా బోర్లా పడుకుని ఉంది. ఎముకల గూడైపోయింది.  దోన్కా మంచం పక్కన ఉత్త చేతులతో నిలబడింది. ఇస్క్రా కళ్ళు తెరిచి, తల్లి ముఖం కంటే ముందు ఆ చేతుల వంక చాలాసేపు చూసింది.

"అంత గట్టిగా రుద్దుతారా అమ్మా," అంది. "వీపు ఇంకా మండుతోంది."