తేడాలు లేవు

మాట్లాడుకోని ఇద్దరు మనుషుల్ని వెతికి పట్టుకుని, మాట్లాడుకోనందుకే జీతమిచ్చే ఆఫీసు ఇంకెక్కడైనా ఉందో లేదో తెలియదు. ఈ ఆడపడుచుకీ ఈ వదినకీ మాత్రం అలాంటి అదృష్టం పట్టింది.

మందు పెట్టెలో మడతపెట్టిన కాగితం ఒకటి ఉంటుంది కదా, చీమ తలకాయంత అక్షరాలతో, ఎవరూ చదవని కాగితం. దాన్ని ఇంగ్లీషు నుంచి యూరప్ భాషల్లోకి మార్చడం ఆ ఆఫీసు పని. ఆడపడుచు ఇంగ్లీషుని జర్మన్‌లోకి తెస్తుంది. పక్క గదిలో వదిన, అసలు ఇంగ్లీషుని కంటితో కూడా చూడకుండా, ఆ జర్మన్‌ని మళ్ళీ ఇంగ్లీషులోకి తిప్పాలి. చివర్న యజమాని రెండు ఇంగ్లీషుల్నీ పక్కపక్కన పెట్టి చూస్తాడు. ఎక్కడ తేడా వస్తే అక్కడ జర్మన్‌లో తప్పున్నట్టు. అందుకని ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. "ఎవర్ని పెట్టినా టీ దగ్గర కలిసిపోతున్నారయ్యా. మీ ఇంటి ఆడవాళ్ళైతే నాకు నిశ్చింత," అని యజమాని తన పాత స్నేహితుడితో, అంటే ఆడపడుచు అన్నతో, అన్నాడు. ఆయన సరదాకే అన్నాడు గానీ, మనుషుల్ని సరిగ్గానే అంచనా వేశాడు.

ఆ ఇంట్లో మాటలు ఆగిపోయి అప్పటికి కొద్ది రోజులే అయింది. వదిన మడతపెట్టిన తువ్వాళ్ళని ఆడపడుచు విప్పి మళ్ళీ మడతపెట్టింది. వదిన చూసి ఊరుకోలేదు. ఇంటికొచ్చిన నలుగురి ముందూ, "ఆడబిడ్డ అర్ధమొగుడన్నారు. మా ఇంట్లో అర్ధం ఎక్కడ సరిపోయింది, ముప్పావు!" అంది. నలుగురూ పడీపడీ నవ్వారు. ఆ నవ్వు ఆడపడుచు చెవుల్లో మూడేళ్ళయినా ఆగలేదు. అప్పట్నుంచీ ముగ్గురూ ఒకే బల్ల దగ్గర భోంచేస్తున్నా, "మీ చెల్లెలికి చెప్పండి, గీజరు ఆపమని," "అన్నయ్యా, మీ ఆవిడకి చెప్పు, ఆపే వచ్చానని," అంటూ కబుర్లన్నీ అన్న మీదుగానే నడుస్తున్నాయి. పాపం ఆయన ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఇటూ అటూ తల తిప్పుతూ ఉంటాడు.

ఆడపడుచుకి ఒక గర్వం ఉంది. మొట్టమొదటి కాగితం సంగతి వదిలేస్తే, ఆ తర్వాత ముప్ఫై ఆరు కాగితాలకి ముప్ఫై ఆరూ యజమాని దగ్గర్నుంచి ఒకే ముద్రతో వచ్చాయి: తేడాలు లేవు. ఆమె ఎదుటి కుర్చీలో కూర్చునే ఫ్రెంచి మాస్టారికి ప్రతి కాగితంలో ఐదారు తేడాలు వస్తాయి. "దిగులు పడకండి మాస్టారూ, అందరికీ ఒకేలా రాదు కదా," అని ఆమె ఓదారుస్తుంటే, ఆ మాటకంటే తిట్టే నయమని ఆయనకి అనిపిస్తుంది.

ఆ రోజు సాయంత్రం నాలుగింటికి యజమాని తుది సంతకం కుర్చీ ఎవరిదో చెప్పబోతున్నాడు. ఆఫీసులో ఏ కాగితమైనా ఆ సంతకం లేకుండా గడప దాటదు. ఆడపడుచుకి ఆ కుర్చీ ప్రాణమంత కావాలి. వదిన కూడా ఇక కాగితాలు పట్టుకొచ్చి తన ముందే నిలబడాలి. ఆమె దాచుకోకుండా కోరుకున్నది అదే.

ఆ వారం ఆమె చేతిలో ఉన్నది ఇన్సులిన్ పెన్ను కాగితం. నలభై లైన్లూ గడగడా సాగి, నలభై ఒకటో దగ్గర బండి ఆగింది. మీట నొక్కుతూ హాఫ్‌వేలో ఆపేస్తే మళ్ళీ నొక్కొద్దు, ఆ పెన్ను పారేసి కొత్తది తీసుకోండి, అని ఇంగ్లీషు చెబుతోంది. ఈ హాఫ్‌వే అంటేనే ఆమెకి ఒళ్ళుమంట. ఇంగ్లీషువాడికేం, మెట్లెక్కుతూ ఆగినా, చదువు మధ్యలో మానేసినా, మీట సగం నొక్కినా ఒకటే మాటతో పబ్బం గడిపేస్తాడు. జర్మన్‌లో దానికి తోబుట్టువులా కనపడే హాల్బ్‌వెక్స్ ఉంది గానీ, నమ్మి వాడితే ముంచుతుంది. ఎలా ఉన్నావని అడిగితే "ఏదో, ఫరవాలేదు" అనడానికి వాడే మాట అది. త్సుర్ హెల్ఫ్టె అంటే కొలతలో సగం. మిటెన్‌డ్రిన్ అంటే నడిమధ్యన.

"మావాళ్ళు మి-షెమాఁ అంటారమ్మా, దారిలో సగం అని," అన్నాడు ఫ్రెంచి మాస్టారు. "మీటకి దారెక్కడిది చెప్పు? అందుకని మి-కుర్స్ అని పెట్టాను, మీట కదలికలో సగం అని. స్పానిష్‌ ఆయన ఎ మెదియాస్ అన్నాడు. అంటే అరకొరగా చేసినట్టు. ఇప్పుడు దాని మీద మా ఇద్దరికీ పోట్లాట."

ఆడపడుచుకి పోట్లాడే ఓపిక లేకపోయింది. ఇలాంటి సగాల దగ్గర ఆమెకొక అలవాటు. అక్కడ ఖాళీ వదిలేసి, మాటలన్నీ ఒక చీటీ మీద రాసుకుని ముందుకెళ్తుంది. చివర్లో వచ్చి నింపుతుంది. ఈసారి లైను మొత్తం ఖాళీగా వదిలేసింది.

మధ్యాహ్నం రెండున్నరకి కీబోర్డు పక్కకి జరిపితే చీటీ కనపడింది. కాగితం పొద్దున్నే పక్క గదికి వెళ్ళిపోయింది. లైను నింపలేదు. గబగబా తెరమీద వెతికితే యజమాని నివేదిక అప్పటికే వచ్చి కూర్చుంది, ముప్ఫై ఏడోది. తేడాలు లేవు.

ఆమె రెండుసార్లు చదివింది. తన జర్మన్ తెరిచి చూస్తే నలభై ఒకటో లైను తెల్లగా ఉంది. వదిన ఇంగ్లీషులో అదే లైను కామాతో సహా నిండుగా ఉంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఆమె చాలాసార్లు విన్నది గానీ, కంటితో చూడటం అదే మొదలు. ముందు హమ్మయ్య అనుకుంది. తర్వాత అర్థమైంది. అర్థమయ్యాక ఆమెకి పట్టలేనంత సంతోషం వేసింది. దొంగ దొరికింది. పట్టివ్వాలంటే తన ఖాళీ కూడా బయటపెట్టుకోవాలి. ఎదుటివాడికి అపశకునం కావాలని ముక్కు కోసుకున్నట్టవుతుందని తెలిసి కూడా లేచింది.

పక్క గది తలుపు తట్టలేదు. తోసింది.

"నలభై ఒకటో లైను ఎక్కణ్ణుంచి తెచ్చావ్?"

మూడేళ్ళ తర్వాత మొదటి మాట. వదిన కళ్ళజోడు పైనుంచి చూసింది. "మీ అన్నయ్య ఊళ్ళో లేరా ఏంటి, నువ్వే వచ్చావు?"

"నా జర్మన్‌లో ఆ లైనే లేదు. ఖాళీ. లేనిదాన్ని ఎలా తిప్పావ్?"

వదిన ముఖంలో రంగు మారింది. గొంతు మారలేదు. "ఇంగ్లీషు కాగితాలు ఇంటికి తేకూడదని రూలుంది కదా. రోజూ భోజనాల బల్ల మీద పరుచుకుని చదివేదెవరు? నువ్వు చెయ్యి కడుక్కోడానికి లేచినప్పుడు ఫోన్లో ఫొటో తీసుకుంటున్నా. చాలా, ఇంకా కావాలా?"

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండో కాగితం నుంచి."

"సిగ్గులేదూ?"

"మొదటిది నిజాయితీగానే తిప్పాను. పదకొండు తేడాలొచ్చాయి, గుర్తుందా? వారం రోజులు ఇంట్లో తలుపులు దడదడలాడాయి. నేను కావాలనే చేశానని గోడకి చెప్పావు. అన్నం మానేశావు. నీకు తోడు మీ అన్నయ్యా మానేశారు. నేనొక్కదాన్నే కూర్చుని తినాల్సొచ్చింది, ఏదో పాపం చేసినదానిలాగా. అప్పుడే అనుకున్నా, ఈ మనిషికి ఇంక తేడాలు రావు అని. నీ జర్మన్ చదివి మూడేళ్ళు కావస్తోంది. నీ పేరు నీ పని వల్ల రాలేదమ్మా, నీ నోటి వల్ల వచ్చింది."

ముప్ఫై ఏడు కాగితాలు ఎవరూ చూడకుండానే బాగున్నాయని అనిపించుకున్నాయి. ఆడపడుచుకి ముందు ఏడుపొచ్చింది, ఆ వెంటనే మొండితనం వచ్చింది. బీరువా తెరిచి, రెండేళ్ళ కిందటి పిల్లల జ్వరం సిరప్ కాగితం లాగి బల్ల మీద పడేసింది.

"చదువు. ఇంగ్లీషు లేదు ఇక్కడ. ఉన్నదున్నట్టు తిప్పు. ఎన్ని తప్పులున్నాయో చూద్దాం."

"సంతోషంగా," అంది వదిన. నిజంగానే సంతోషంగా మొదలుపెట్టింది. ఒక్కో లైనూ వేలు పెట్టి, తప్పు దొరక్కపోతుందా అన్నట్టు పైకి చదువుతూ వెళ్ళింది. పది లైన్లు శుభ్రంగా ఉన్నాయి. ఆడపడుచు తల మెల్లగా పైకి లేచింది.

"పెట్టెలో ఉన్న కప్పు నింపి, ఆరు గంటలకొకసారి బిడ్డకి తాగించాలి."

"ఆగు. మళ్ళీ చదువు."

"కప్పు నింపి, బిడ్డకి తాగించాలి."

"సగానికి," అంది ఆడపడుచు. "కప్పు సగానికి నింపి అని ఉండాలి."

"ఇక్కడ సగం లేదు."

అక్కడా ఖాళీ వదిలింది. తర్వాత నింపుదామనుకుని మర్చిపోయింది. ఎవరూ గమనించలేదు, ఎందుకంటే సగం లేకపోయినా ఆ వాక్యం చక్కగానే ఉంది. రెండేళ్ళుగా ఎక్కడో ఎవరో తల్లి జ్వరం బిడ్డని ఒళ్ళో పెట్టుకుని, చెప్పినట్టే నిండా పోసి, చెప్పినట్టే తాగిస్తోంది. వదిన వేలు ఆ లైను మీద నుంచి కదల్లేదు.

చివరికి వదినే ఆ కాగితాన్ని బోర్లించింది. "ఇది లోపలికి పట్టుకెళ్తే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. రేపట్నుంచి పొద్దస్తమానం ఆ ఇంట్లో ఎదురెదురుగా కూర్చోవాలి నువ్వూ నేనూ. ఆలోచించుకో."

ఆడపడుచు ఆలోచించింది. ఆ శిక్ష చిన్నదేం కాదు. కుర్చీ గురించి కూడా ఆలోచించింది, ఇప్పటికీ అది కావాలనే ఉంది. కాగితం తీసుకుని యజమాని గదిలోకి నడిచింది.

"నాలుగింటిదాకా ఆగలేకపోయావా?" అని నవ్వాడాయన.

"ఆ కుర్చీ నాకొద్దు సార్. ముందు పిల్లల సిరప్ వెనక్కి తెప్పించండి. కప్పు సగం అని ఉండాల్సిన చోట నిండా అని పడింది. తప్పు నాది."

యజమాని నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "అదేంటి? దానికి తేడాలు లేవని వచ్చింది కదా?"

మూడేళ్ళుగా కోరుకున్న మాట, తప్పు వదినదన్న మాట, నోటిదాకా వచ్చింది. ఆమె దాన్ని అనేలోపే ఎవరో ఆమె భుజాన్ని మోచేత్తో పక్కకి నెట్టారు. వదిన చేతుల నిండా కాగితాలు మోసుకొచ్చి బల్ల మీద దింపింది. ఆడపడుచు వైపు కన్నెత్తి చూడలేదు.

"ఇంకా ముప్ఫై ఆరు ఉన్నాయి సార్," అంది. "ఒక్కటీ నేను చదవలేదు."