మెట్ల మలుపులో కుర్చీ

కాగితాలు పట్టుకుని ఆయన మళ్లీ మెట్లెక్కుతున్నాడు. కుడి మోకాలి లోపల ఇసుక నలిగినట్టు కరకరమంటోంది. రెండు మెట్లెక్కడం, గోడకు చెయ్యి ఆన్చి నిలబడడం, మళ్లీ రెండు మెట్లు. ఆ గోడ మీద అరచెయ్యంత మేర సున్నం పోయి నున్నగా, నల్లగా మెరుస్తుంటుంది. అదంతా ఆయన చేతి అరుగుదలే.

ప్రెస్సులో అందరికీ ఆయన ప్రూఫులాయన. అచ్చుకు ముందు తప్పులు దిద్దడం ఆయన పని. కింద గది యజమాని పెద్దాయనది, పై గది ఆయన తమ్ముడు చిన్నాయనది. ఒక తల్లి కడుపున పుట్టినవాళ్లే, కానీ మాటల్లేవు. ఎందుకు పోయాయో వాళ్లకైనా గుర్తుందో లేదో! ఇద్దరూ సంతకం పెట్టనిదే ఏ కాగితమూ మిషనెక్కకూడదని వాళ్ల నాన్న పోతూ పోతూ కట్టడి చేసిపోయాడు. అలాగైనా కలిసుంటారని పాపం ఆయన ఆశ. చివరికి కలిసింది ఈ ప్రూఫులాయన మోకాళ్లూ ఆ మెట్లూ. ఆయన కింద కూర్చుంటే పైవాడికి అనుమానం, పైన కూర్చుంటే కిందవాడికి కంటగింపు. అందుకని మెట్లు మలుపు తిరిగే చోట ఓ చెక్క కుర్చీ వేయించారు. దాని మీదకి ఆయన భార్య పాత దుప్పటి మడతలు పెట్టి ఓ మెత్త కుట్టిచ్చింది.

పెద్దాయన ఎర్ర పెన్సిలుతో కామాలు పెడతాడు. "చదివేవాడు ఊపిరి తీసుకోవద్దటయ్యా?" అంటాడు. చిన్నాయన నీలం పెన్సిలుతో వాటిని కొట్టేస్తాడు. "ఇదేంటండీ, అడుగడుక్కీ గులకరాళ్లు?" అంటాడు.

ఏది సరైందో తెలుసుకోవాలని ప్రూఫులాయన పడని పాటు లేదు. వ్యాకరణం పుస్తకాలు కొన్నాడు. ఒకటి ఆగిన చోటల్లా పెట్టమంది. ఇంకోటి మన భాషకు అక్కర్లేదంది. మూడోది మొదట్లో ఓ మాట, చివర్లో ఓ మాట. బళ్లో పాఠాలు చెప్పే బావమరిదిని అడిగితే, "చెవికెలా బాగుంటే అలా పెట్టు బావా, దానికింత గుంజాటన ఎందుకు?" అని నవ్వేశాడు. ఈయన చెవికి రెండూ బాగానే ఉంటాయి. అదే కదా ఆయన ఏడుపు!

ఇవాళ చేతిలో ఉన్నది పిల్లల వాచకం. సాయంత్రంలోగా మిషనెక్కకపోతే పని వేరేవాళ్లకిస్తామని బడివాళ్లు కబురు పెట్టారు. పని పోతే కత్తి ఎవరి మెడ మీద పడుతుందో ఆయనకు తెలుసు. పొద్దున అన్నం డబ్బా మూత బిగిస్తూ భార్య అననే అంది.

"ఇవాళైనా అడగండి, ఏదో ఒకటి తేల్చమని. అడిగితే నోట్లోంచి ముత్యాలేం రాలిపోవు."

"అడుగుతాలే."

"మీ అడగడం నాకు తెలియదూ! నిద్రలో కూడా 'చిత్తం చిత్తం' అంటుంటారు."

పైకి వెళ్లిన ఎర్ర కామాలు నీలం గీతలతో కిందికొచ్చాయి. మెట్ల కింద కూర్చుని పుస్తకాలు కుట్టే బైండింగావిడ సూది ఆపి నవ్వింది.

"అన్నయ్యా, నీ బదులు ఓ బకెట్టుకు తాడు కట్టి లాగినా సరిపోతుంది కదా!"

"బకెట్టుకు మోకాళ్లుండవమ్మా. అదృష్టం దానిది."

పెద్దాయన ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఎలాగో నోరు పెగుల్చుకున్నాడు. "బాబుగారూ, ఈ ఒక్క పుస్తకానికైనా ఒకే పద్ధతి..."

"నేను పెట్టేదే కదయ్యా పద్ధతి! పోయి పైన చెప్పు."

పైనా అదే మాట, కిందకి చెప్పమని. ఎక్కాడు, దిగాడు, మళ్లీ ఎక్కాడు. డబ్బా మూత తియ్యనేలేదు. కామాలు దిద్ది దిద్ది కాగితం చిరుగుపట్టింది. కిటికీలో ఎండ ఎర్రబారే వేళకు బడి మనిషి వచ్చాడు. ఒక్క సంతకమైనా లేని కాగితాలు చూసి, చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

అప్పుడు జరిగింది ఆ వింత. పెద్దాయన రొప్పుతూ మెట్లెక్కాడు, చిన్నాయన దబదబా దిగాడు. ఇద్దరూ కుర్చీ దగ్గర ఎదురుపడ్డారు.

"అంతా ఈయన నాన్చుడు వల్లే అన్నయ్యా."

"నేనూ అదే అనుకుంటున్నాను రా."

అన్నయ్యా అని ఒకరు, రా అని ఒకరు! ఆ పిలుపులు వినడానికేగా వాళ్ల నాన్న కట్టడి పెట్టింది. ఆంబోతులు కొట్లాడుకుంటే లేగదూడల కాళ్లు విరుగుతాయంటారు. కలిసిపోయినా విరిగేవి ఆ కాళ్లే.

"రేపటి నుంచి రావద్దులేవయ్యా," అన్నాడు పెద్దాయన.

ప్రూఫులాయన బతిమాలలేదు. కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు.

"అలాగేనండి. పోయే ముందు ఒక్కటి చెప్పండి బాబూ. కామా ఉంచాలా, తీసెయ్యాలా?"

అన్నదమ్ములు మొహాలు చూసుకున్నారు.

"ఏ కామా?" అన్నాడు చిన్నాయన.

"ఉంటే ఏంటి, లేకపోతే ఏంటయ్యా? చదివేవాడికి తెలియదూ!" అన్నాడు పెద్దాయన.

ప్రూఫులాయన తలూపాడు. మూత విప్పని డబ్బా పట్టుకుని, గోడ మీద నల్లటి మేర తడుముకుంటూ ఒక్కో మెట్టూ దిగాడు. బైండింగావిడ సూది ఆపి, నోట్లో దారం కొరుక్కుంటూ ఆయన్నే చూసింది. వీధి మలుపు తిరిగాక మెత్త గుర్తొచ్చింది. ఇంటికెళ్తే అదేదని భార్య అడుగుతుంది. అడిగితే అంతా చెప్పాలి. వెనక్కి తిరిగి కాసేపు నిలబడ్డాడు. మెట్లు తలచుకుని మళ్లీ నడక సాగించాడు.

మెట్ల మలుపులో కుర్చీ మీద ఆ మెత్త అలాగే ఉంది, మధ్యలో లోతుగా ఒక మనిషి బరువు నొక్కుకుని.