మూడు చుక్కలు

థర్మామీటరును మూడుసార్లు విదిలించి, పాదరసం కిందికి దిగిందో లేదో కిటికీ వెలుతురుకు పట్టి చూసుకుని, శౌరమ్మ దాన్ని దూదిలో చుట్టి రేకు డబ్బాలో పెట్టింది. ఇంకా నాలుగున్నాయి. వాటినీ అలాగే విదిలించింది. తర్వాత బ్లేడుతో ఎర్ర పెన్సిలు చెక్కింది, పచ్చ పెన్సిలు చెక్కింది. పొట్టు కొంగులో పట్టి బయట పారబోసింది.

పొట్టి మనిషి. యాభై ఆరేళ్ళు. ఎడమ మోకాలు సరిగా వంగదు. కళ్ళద్దాల కాడ విరిగిన చోట నల్లదారం చుట్టి ఉంటుంది. భోపాల్‌పట్నం కథోలిక గుడి వెనక, సిస్టర్లు ఇచ్చిన ఒంటిగదిలో పంతొమ్మిదేళ్ళుగా ఉంటోంది. ఆమె పని పేరు అడిగితే ఊళ్ళో ఎవరూ చెప్పలేరు. గుడికి వచ్చే ఆలుమగలకు మాత్రం తెలుసు. మందులూ ఆపరేషనూ లేకుండా, ఒంటి గుర్తులు చూసుకుని కాన్పుకూ కాన్పుకూ ఎడం పెట్టుకునే పద్ధతి ఆమె నేర్పుతుంది. నెలసరి రోజులకు ఎరుపు, పొడి రోజులకు పచ్చ, తడి రోజులు తెల్లగా వదిలేయాలి. పొద్దున లేవగానే, మంచం దిగకముందే, నాలుక కింద వేడి చూసి గళ్ళ కాగితం మీద చుక్క పెట్టాలి. చుక్కలు కిందకిందనే నడిచి, ఒకనాడు పైకెక్కి, మూడు రోజులు పైనే నిలిస్తే బిడ్డ నిలిచే రోజులు దాటిపోయినట్టు. జ్వరం వచ్చిన రోజున చుక్క చుట్టూ సున్నా చుట్టాలి. ఆ చుక్కను నమ్మకూడదు.

ఆమె కాపురానికి వచ్చిననాడు ఈ సంగతులు చెప్పినవాళ్ళు లేరు. ఏడు కాన్పులు; బతికింది ముగ్గురు. భర్త ఉపదేశి. ఊరూరా తిరిగి ప్రార్థనలు చెప్పించి పది రోజులకో, పదిహేను రోజులకో ఇల్లు చేరేవాడు. మంచివాడు. వాకిట్లో ఆయన సైకిలు చప్పుడు వినబడితే మాత్రం మళ్ళీ నెల తప్పుతుందేమోనని ఆమెను భయం పట్టుకునేది. ఆ భయం గురించి ఆయనతో ఒక్కనాడూ అనలేదు. ఆయన పోయాక సిస్టరమ్మలు ఈ పని నేర్పుతామంటే, ఎందుకు ఒప్పుకుంటోందో ఎవరికీ చెప్పకుండానే ఒప్పుకుంది.

సంచి భుజాన వేసుకుంటుండగా బుధ్రి వచ్చింది. ఏటి ఒడ్డు ఊరికి ఆమె మితానిన్. సర్కారు తరఫున ఇంటింటికీ తిరిగి గోలీలిచ్చే మనిషి. మంచినీళ్ళు అడిగి తాగి, గడప మీద కూర్చుంది.

"ఆ నాగలక్ష్మి మలేరియా గోలీలు అన్నీ మింగిందో లేదో అక్కా. ఖాళీ అట్ట చూపియ్యమంటే చూపియ్యలే."

శౌరమ్మ చెయ్యి సంచి మీదే ఆగింది. "ఎప్పటి మలేరియా?"

"మీవాళ్ళు నొసట బూడిద పెట్టుకున్నరు చూడు, ఆనాడు. చలికి వణుకుతుంటే రక్తం తీసి ఖూన్ జాంచ్ చేసిన. ఆ తెల్లారి నుంచి మూడు దినాలు ఒళ్ళు కాలిపోయింది." బుధ్రి చెంబు బోర్లించి లేచింది. ముఖం చూడకుండా అంది: "ఓసారి పోయి చూసి రా అక్కా."

బుధ్రి వెళ్ళాక శౌరమ్మ కట్ట విప్పింది. చార్టుల మీద పేర్లుండవు, అంకెలే ఉంటాయి. నాగలక్ష్మిది పదకొండో నంబరు, తీసింది. విభూది బుధవారం. ఆ పక్కన గురు, శుక్ర, శని. మూడు చుక్కలూ పైన ఉన్నాయి. సున్నాలు లేవు.

ఆ మరునాడు ఆదివారం. పూజ అయ్యాక గుడి మెట్ల దగ్గర నాగలక్ష్మి ఈ కాగితమే చేతికిచ్చింది. శౌరమ్మ కళ్ళద్దాలు పైకి తోసుకుని మూడు చుక్కలూ లెక్కపెట్టింది. నవ్వింది కూడా. "ఇంక భయం లేదు బిడ్డా" అంది. జ్వరమేమైనా వచ్చిందా అని అడగలేదు. పంతొమ్మిదేళ్ళలో ప్రతి ఒక్కరినీ అడిగిన మాట ఆనాడు అడగలేదు. పూజకు వచ్చినవాళ్ళెవరో వెనక నుంచి పిలుస్తున్నారు, ఎండ ఎక్కుతోంది.

నాగలక్ష్మి రెండు కాన్పులూ కోసి తీసినవే. మొదటి బిడ్డ చచ్చి పుట్టింది. రెండో బిడ్డ మూడు రోజులుంది. రెండోసారి గర్భసంచి అంచు చిరిగిందని, ఇంకోసారి నిలిస్తే తల్లి దక్కదని డాక్టరమ్మ చెప్పింది. అప్పుడే ఆపరేషన్ చేస్తానంటే నాగలక్ష్మి ఒప్పుకోలేదు. దేవుడిచ్చే బిడ్డలను కాదననని పెళ్ళినాడు గుడిలో ఒప్పుకున్న మాట తప్పనంది. ఆ రోజు నుంచి ఆమె ప్రాణం ఈ గళ్ళ కాగితం మీద ఉంది. మొన్నటి రెండు ఆదివారాలూ మొగుడూ పెళ్ళాం గుడికి రాలేదు. ఆ సంగతి శౌరమ్మకు ఇప్పుడు తట్టింది.

షేర్ ఆటోలో ఏడుగురు. శౌరమ్మ అంచున కూర్చుని సంచి పొట్టకు అదుముకుంది. జవాన్లు తనిఖీ చేసే నాకా దగ్గర అందరినీ దింపారు. మీసాలు సరిగా రాని జవాను సంచిలో చెయ్యి పెట్టి చార్టులు తీశాడు. ఎర్ర గళ్ళు, పచ్చ గళ్ళు, అంకెలు, తేదీలు. పేరన్నది లేదు. తిప్పి చూశాడు, మళ్ళీ చూశాడు.

"యే క్యా హై? కిస్‌కా కోడ్ హై?"

అడవిలోవాళ్ళ రహస్య గుర్తులేమోనని అతని అనుమానం. ఆలుమగల సంగతి, కొడుకు వయసువాడికి, నడిరోడ్డు మీద ఎలా చెప్పడం! "బుఖార్ కా హై సాబ్" అంది. జ్వరాల కాగితాలట. ఆనాడు గుడి మెట్ల దగ్గర అడగని మాట ఇప్పుడు తన నోటి నుంచే వచ్చింది. జవాను తల నుంచి కాళ్ళదాకా ఒకసారి చూసి కాగితాలు సంచిలో కుక్కేశాడు.

ఊరి మలుపులో దిగి నడిచింది. ఇప్పచెట్ల కింద ఆడవాళ్ళు పూలు ఏరుతున్నారు. ఎవరో పలకరిస్తే బదులు చెప్పిందో లేదో ఆమెకే తెలియలేదు. మోకాలు నొప్పి తెలియలేదు. "తల్లీ మరియమ్మా, తప్పయిపోయింది, ఈ ఒక్కసారికి కానీయకు" అని అదే మాట నడకకు తగ్గట్టు లోపల తిరుగుతోంది.

ఇంటి ముందు నాగలక్ష్మి భర్త నవీన్‌కుమార్ గోనెసంచికి తాడు బిగిస్తున్నాడు. ట్రాక్టరు నడుపుతాడు. పెద్ద చేతులు. ఆమెను చూసి లేచాడు గానీ రమ్మనలేదు. ఎప్పుడూ అతనే మంచం వాల్చేవాడు.

"పెద్దమ్మా" అన్నాడు. వంగి తాడు మళ్ళీ బిగించాడు.

లోపల నుంచి నాగలక్ష్మి వచ్చింది. సన్నటి మనిషి, ముఖం పచ్చగా పాలిపోయి ఉంది. "నెల తప్పిందని బుధ్రి నిన్న కిట్ పెట్టి చూసింది పెద్దమ్మా. రెండు గీతలు" అంది, కూర మాడింది అన్నంత మామూలుగా. తర్వాత భర్త వైపు తిరిగింది. "బస్సు ఎన్నింటికో అడిగి రాపో. దుకాణం కాడ ఎవరన్న చెప్తరు."

అతను వెళ్ళాడు. శౌరమ్మ గుంజ పక్కన కింద కూర్చుంది.

"నేను అడగలే బిడ్డా. జ్వరమా అని నేను అడగలే. నా తప్పు. నిన్ను నేనే..."

నాగలక్ష్మి పక్కన కూర్చుని ఆమె నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు తెలుసు పెద్దమ్మా."

"ఏంది తెలుసు?"

"జ్వరం చుక్కలని. ఆయన మిరప బస్తాల బండి మీద ఏటవతలకి పోయిండు, రెండు వారాలు లేడు. బుధ్రి చెప్పేదాకా జ్వరం సంగతి ఆయనకు తెల్వదు. చుక్కలు నేనే పెట్టిన. సున్నా నేనే చుట్టలే."

ఆ మాట అర్థమయ్యాక శౌరమ్మకు ఇంకా ఎక్కువ భయం వేసింది. "బిడ్డ కోసమా?"

"బిడ్డ కోసం కాదు." నాగలక్ష్మి వాకిలి వైపు చూసింది. "ఎనిమిది నెలలు ఆయన బయటనే పండుకున్నడు పెద్దమ్మా. చార్టు మీద పచ్చ ఉన్నా లోపలికి రాడు. నా చెయ్యి తగిలితే ఉలిక్కిపడతడు, పామును తొక్కినట్టు. నువ్వు చెప్తేనే నమ్ముతా అన్నడు. పూసమాసం అంత చలిలో అక్కడనే. నాకు చలేసింది."

శౌరమ్మ ఇన్నేళ్ళూ భయం ఒక్కటే చూసుకుంటూ వచ్చింది. సైకిలు చప్పుడు వినబడితే వచ్చే భయం. దాన్ని తీసేస్తే ఆడదానికి అంతా తీరినట్టేననుకుంది. దానికి ఇంకో వైపు ఒకటుంటుందని, ఆ వైపున ఇలాంటి ఆడది కూర్చుని ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"ఆయనకు చెప్పకు" అంది నాగలక్ష్మి. "చెప్తే తనవల్లనే అని చస్తడు. తియ్యించుకుందామంటుండు. నేను వద్దంటున్న. వరంగల్‌ల వాళ్ళక్క ఇల్లు పెద్దదవాఖాన పక్కనే. కాన్పుదాకా అక్కడనే ఉంటం."

"నీకు భయం కాట్లేదా?"

"అయితుంది" అంది నాగలక్ష్మి. "నిన్నటి నుంచి చేతులు వణుకుతున్నయి. చూడు." చేతులు చాచి చూపించింది. శౌరమ్మ ఆ రెండు చేతులూ తన ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది. నవీన్ తిరిగి వచ్చేదాకా వదల్లేదు.

మధ్యాహ్నం బస్సు. రోడ్డు మీద నీడ లేదు. గోనెసంచి పైకెక్కించి, పెళ్ళాన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, నవీన్ మళ్ళీ కిందికి దిగాడు. శౌరమ్మ ఎదురుగా నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వు చెప్పినవనే కదా పెద్దమ్మా నేను లోపలికి పోయింది. భయం లేదంటివి. జ్వరం ఉన్నదని చూసుకోవద్దా?"

కిటికీలో నాగలక్ష్మి ముఖం బిగుసుకుపోయింది. పెదవులు విడివడ్డాయి. ఆమె నోరు తెరవకముందే శౌరమ్మ అంది:

"అవును కొడుకా. చూసుకోలే. నాదే తప్పు."

కండక్టరు చప్పట్లు కొట్టాడు. బస్సు కదిలింది. దుమ్ము అణిగాక కూడా శౌరమ్మ అక్కడే నిలబడి ఉంది. ఏటి మీద వంతెన దాటేటప్పుడు ఇనుప చప్పుడు వినబడుతుందని తెలుసు. అది వినబడేదాకా ఉండి, వెనక్కి తిరిగింది.

నవీన్ ఆ మాట గుడికి వచ్చే నలుగురికీ ఫోనులో చెప్పాడు. ఈస్టరు ముందు మట్టల ఆదివారం నాటికి చార్టు తెచ్చి చూపించేవాళ్ళు లేరు. ఎదురుపడితే ఆడవాళ్ళు పక్క సందులోకి తిరిగేవాళ్ళు. సిస్టరమ్మ పిలిచి, కొన్నాళ్ళు వంటింటి పని చూడమంది. శౌరమ్మ సరేనంది. జరిగింది ఇదీ అని ఎవరితోనూ అనలేదు, పాపసంకీర్తనంలో ఫాదరు ముందు కూడా అనలేదు. అది తన పాపం కాదు గనక తాను చెప్పకూడదనుకుంది. రోజూ పొద్దున నిద్ర లేవగానే వారాలు లెక్కపెట్టుకునేది. ఇరవై. ఇరవై ఆరు. ముప్పై. ఫోను మోగితే పిండి చేతులతోనే బయటికి పరుగెత్తేది.

ముప్పై మూడో వారం, దసరా ఇంకా రాలేదు, ఫోను మోగింది. వరంగల్ దవాఖానలో కడుపు కోసి ఆడపిల్లను తీశారు. నాగలక్ష్మి ఆ సాయంత్రం దాకే ఉంది. పిల్లను అద్దాలపెట్టెలో పెట్టారు, బతుకుతుందన్నారు, బతికింది. నవీన్ పిల్లతో అక్క దగ్గరే ఉండిపోయాడు.

నవంబరులో, చనిపోయినవాళ్ళ కోసం పూజ చేసిన మరునాడు, నవీన్ తండ్రి సీతయ్య కొడుకు ఇంటి తాళం తీశాడు. వడ్లు పోసుకోవడానికి ఖాళీ చేయాలి. శౌరమ్మ వచ్చి గడప దగ్గర నిలబడింది. అతను పొమ్మనలేదు. లోపలంతా మూసిన ఇంటి వాసన. చాప గోడవారగా పరిచే ఉంది. చాప మీద ఒక తలగడ పాతది, దాన్ని ఆనుకుని అంతే పెద్దది ఇంకొకటి కొత్తది, పూల గుడ్డతో. కొత్తదానికి ఒకవైపు ఇంకా కుట్టలేదు. బూరుగుదూది కొంచెం బయటికొచ్చి నేల మీద పరుచుకుంది, దారం ఎక్కించిన సూది అంచుకు గుచ్చి ఉంది.