కనకవ్వ పేరు

ఉపేందర్ కూతురు హర్షిణి డెంగీ జ్వరంతో చనిపోయింది. ఏడేళ్ల పిల్ల. మూడో రోజు అతడు గోదావరిఖనిలోని తమ కాలనీ వాట్సాప్ గ్రూపులో గొంతు రికార్డు చేసి పెట్టాడు. జ్వరం మొదలైన పొద్దు పక్కింటి కనకవ్వ హర్షిణికి నిమ్మకాయ నీళ్లు తాగించిందని, అది చేతబడేనని ఏడుస్తూ చెప్పాడు.

కనకవ్వ భర్త బొగ్గుగనిలో పనిచేస్తూ చనిపోయాడు. మొదటి షిఫ్టుకు వెళ్లేవాళ్లకు ఆమె రోడ్డు పక్కన ఇడ్లీలు అమ్మేది. ఆ మరునాడు ఎవరూ ఆగలేదు. తర్వాతి రోజు ఎవరో గిన్నె తన్నేశారు. మట్టిలో పడ్డ ఇడ్లీలన్నీ ఏరుకుని ఇంటికొచ్చింది. ఏడుపు రాలేదు, భయమూ వేయలేదు. పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే చూస్తూ కూర్చుంది.

బసంత్‌నగర్ నుంచి కూతురు దీప వచ్చి ఆమెను పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లింది. ఎస్సై ఉపేందర్‌ను పిలిపించాడు.

“నా బిడ్డ సచ్చిపోయింది సార్. నా బాధ నేను చెప్పుకోవద్దా? నోరు గూడ కట్టేస్తరా?” అన్నాడు ఉపేందర్.

“డెంగీ అని డాక్టర్లు చెప్పలేదా?” అన్నాడు ఎస్సై.

“చెప్పిండ్రు. గానీ నాకు గట్ల అనిపిచ్చింది.”

“అనిపిస్తే మా అవ్వ పేరు పెడ్తవా అన్నా? రేపు ఎవలన్న కొట్టి సంపితే?” అంది దీప. “కేసు రాయుండ్రి సార్.”

ఎస్సై కనకవ్వ వైపు చూశాడు.

“ఏడ్వనియ్యి సారూ,” అంది కనకవ్వ. “గా పిల్లను నేను గూడ ఎత్తుకున్న. ఎంత ఏడుస్తడో ఏడ్వనియ్యి. నా పేరొక్కటి తియ్యమను.”

ఉపేందర్ తల వంచుకుని అక్కడే ఇంకోటి రికార్డు చేసి గ్రూపులో పెట్టాడు. “కనకవ్వ ఏం జెయ్యలే. నా బిడ్డది డెంగీ జరం.” అందులో ఏడుపు లేదు. మొదటిదానిలా దాన్ని ఎవరూ ఇంకొకరికి పంపలేదు.

కాలనీలో ఇడ్లీలు కొనేవాళ్లు తిరిగి రాలేదు. దీప తల్లిని తనతో తీసుకెళ్లింది.

వారం తర్వాత, కనకవ్వ బసంత్‌నగర్‌లో దీప ఇంటి గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటే, పక్కింటామె వచ్చి కరివేపాకు అడిగింది. కాసేపు ఆమె ముఖంలోకి చూసింది.

“ఫోన్ల ఇన్న. గోదావరిఖని కనకవ్వవు నువ్వేనా?”

“నేనే.”

ఆమె కరివేపాకు తీసుకోకుండానే వెళ్లిపోయింది.

“ఎవలు అవ్వా?” లోపలి నుంచి దీప అడిగింది.

“ఎవలో బిడ్డా, కల్యమాకు కోసం అచ్చింది,” అని కనకవ్వ ఇంకో కాయ తీసుకుంది.